ఇల్లు దాటని పిల్ల

అమెరికాలోని ఫ్రిస్కో ఊళ్ళో విద్యను ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. గుడిలో వడ్డన దగ్గర గరిటె పట్టుకుని నిలబడేది ఆవిడే. కొత్తగా దిగినవాళ్ళకి ఏ స్కూలు మంచిదో, ఏ డాక్టరు ఓపిగ్గా వింటాడో చెప్పేదీ ఆవిడే. పుట్టిల్లు నరసరావుపేట. మాట గట్టిది, మనసు మెత్తనిది. ఒక్కటే చిక్కు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించాలని భర్త శ్యామ్‌సుందర్ పెళ్ళైన కొత్తలో చాలా ప్రయత్నించాడు. తర్వాత మానేశాడు. వరంగల్ వాడు, నెమ్మదస్తుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పన్నెండేళ్ళుగా గ్రీన్ కార్డు వరసలో నిలబడి ఉన్నాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, అనిక. నాలుగేళ్ళప్పుడు తండ్రి వీసా మీద అమెరికా వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల అని గుడి దగ్గర ఆంటీలందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ నాలుక ఉంది, దాన్ని వాడే అవకాశం విద్య ఇవ్వలేదు, అంతే.

హైస్కూలు అవుతుండగా అనికకు ఆస్టిన్‌లో కాలేజీ సీటొచ్చింది. హాస్టల్ గది కూడా ఖాయమైంది. తోటి గదిపిల్ల రియా అట, ఇద్దరూ ఫోన్లోనే స్నేహం చేసుకుని, కిటికీ పక్క మంచం ఎవరిదో కూడా తేల్చేసుకున్నారు.

"నాలుగు గంటల దూరం. జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఇంత ఇల్లు పెట్టుకుని హాస్టలేంటి?" అంది విద్య.

"అమ్మా, జస్ట్ వన్ ఇయర్. నచ్చకపోతే వచ్చేస్తాను."

"ఒక్క ఏడాదా? నాకున్నవే నాలుగు!"

నాలుగని ఎందుకందో శ్యామ్‌సుందర్‌కు తెలుసు. ఇరవై ఒకటి నిండేదాకే పిల్లలు తండ్రి వీసా మీద ఉండగలరు. ఆ తర్వాత వాళ్ళ వీసా వాళ్ళదే, వాళ్ళ దారి వాళ్ళదే. గ్రీన్ కార్డు ఆలోగా వచ్చే ఆశ లేదు. ఆ రోజు వచ్చేదాకా పిల్ల తన కళ్ళముందే ఉండాలని విద్య పట్టుదల.

"ఒక్కసారన్న ఆ పిల్లని అడిగినవా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"అడగడమేంటండీ, అది నా కూతురు."

అనిక ఆస్టిన్ వదులుకుంది. ఇంటికి అరగంట దూరంలో రిచర్డ్‌సన్‌లో కాలేజీలో చేరింది. పొద్దున అమ్మ కట్టిచ్చిన డబ్బా, సాయంత్రం ఐదింటికల్లా ఇల్లు. ఆరైతే ఫోను, ఆరుంపావైతే మళ్ళీ ఫోను. తోటివాళ్ళు క్యాంపస్‌లోనే ఉండి రాత్రిళ్ళు కలిసి చదువుకునేవాళ్ళు, లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసేవాళ్ళు. అనిక వీసాకు ఆ ఉద్యోగమూ కుదరదు. క్లాసుకూ క్లాసుకూ మధ్య కార్‌లో కూర్చుని పులిహోర తినేది. రియా మెసేజ్‌లు రెండో ఏడాదికి ఆగిపోయాయి.

ఒక మాట చెప్పుకోవాలి. ఆ మూడేళ్ళూ విద్య ఎంతో సుఖపడింది. తను వంట చేస్తుంటే ఎదురుగా కూర్చుని పిల్ల చదువుకుంటుంటే, ఇంతకంటే ఏం కావాలి అనుకునేది. పిల్ల బియ్యం కడగబోతే "నువ్వు చదువుకోవే" అని గిన్నె లాక్కునేది. పిల్లకి అన్నం వండడం రాదు, బట్టలు ఉతకడం రాదు, కొత్తవాళ్ళతో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడడం రాదు. అవన్నీ పెళ్ళయ్యాక వస్తాయిలే అనేది విద్య.

ఇరవై ఒకటి దగ్గర పడింది. ఇక స్టూడెంట్ వీసాకి మారాలి. ఇక్కడే ఉండి మార్చుకోవాలంటే నెలల తరబడి పడుతుందని, హైదరాబాద్ వెళ్ళి అక్కడి అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ మీద వీసా స్టాంపు వేయించుకొస్తే మూడు వారాల పనని లాయర్ చెప్పాడు. తోడెళ్ళే వీలు తల్లిదండ్రులకు లేదు. వాళ్ళ స్టాంపుల గడువు ఎప్పుడో తీరిపోయింది. దేశం దాటితే వాళ్ళూ అదే కాన్సులేట్ కిటికీ ముందు నిలబడాలి, అక్కడే చిక్కుకుపోతే ఇక్కడ ఉద్యోగం ఊడుతుంది. నాలుగు గంటల దూరం పంపనన్న పిల్లను సముద్రాల అవతలికి ఒంటరిగా పంపాల్సి వచ్చింది.

పంపే ముందు భోజనాల బల్ల దగ్గర వారం రోజులు రిహార్సల్ చేయించారు. శ్యామ్‌సుందర్ కళ్ళజోడు సర్దుకుని వీసా ఆఫీసర్ అయ్యేవాడు. చదువు కాగానే తిరిగి ఇండియా వెళ్ళిపోతారని నమ్మకం కలిగితేనే ఆ వీసా ఇస్తారు.

"చదువయ్యాక ఏం చేస్తవు?"

"హైదరాబాద్ వెళ్ళిపోతాను."

"మీ ఇల్లు ఎక్కడ?"

"హైదరాబాద్," అని చెప్పి ప్రతిసారీ ఫక్కున నవ్వేది అనిక. హైదరాబాద్‌లో ఉన్నది విద్య అన్న విశ్వనాథం ఒక్కడే. ఆయన్ని ఆ పిల్ల రెండుసార్లు చూసింది.

"నవ్వకే, నవ్వితే పట్టేస్తారు!" అని విద్య కసిరేది.

ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది. బయటికి రాగానే అనిక ఇంటికి ఫోన్ చేసింది.

"ఆయన చాలా నైస్‌గా అడిగాడమ్మా. ఇల్లు ఎక్కడ అని. నేను ఫ్రిస్కో అనేశాను."

"వారం రోజులు చదివించాం కదే!"

"ఐ నో. నోట్లోంచి వచ్చేసింది."

రాకేం చేస్తుంది? ఇంకో గడప తొక్కనివ్వని పిల్ల నోట ఇంకో ఊరి పేరు ఎలా వస్తుంది? వీసా తిరస్కరించారు. రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి, ఈసారి తడబడకుండా హైదరాబాద్ అంది. అక్కడ మీవాళ్ళు ఎవరున్నారని అడిగారు. మామయ్య అంది. ఆ మామయ్య ఇంటి అడ్రసు అడిగితే, రెండు నెలలుగా అక్కడే ఉంటున్నా కంగారులో పేట పేరు గుర్తు రాలేదు. మళ్ళీ కాదన్నారు.

మూడు వారాలనుకున్నది పదిహేను నెలలైంది. ఈలోగా ఇరవై ఒకటీ నిండి, తండ్రి వీసా మీద తిరిగొచ్చే దారీ మూసుకుపోయింది. విశ్వనాథం ఇంట్లో కొడుకు పెళ్ళై కోడలొచ్చింది, ఉన్నవి రెండు గదులు. ఎవరూ పొమ్మనలేదు గాని, అనికే కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి మారిపోయింది. గదికి ముగ్గురు. ఏడాది చూసి కాలేజీవాళ్ళు సీటు తీసేశారు. ఒక శిక్షణ సంస్థలో అమెరికా వెళ్ళబోయేవాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే ఉద్యోగం దొరికింది. లాయర్ ఇప్పుడు ఫోన్ ఎత్తినా ఆచితూచి మాట్లాడుతున్నాడు. మూడోసారి ప్రయత్నించమని అతను అనడం లేదు.

వానాకాలంలో అనికకు డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ సంగతి హాస్టల్‌కి తిరిగొచ్చాక, అదీ వారం తర్వాత, ఫోన్‌లో మాటల మధ్యలో చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదే?" అని విద్య గోలపెట్టింది.

"చెప్తే ఏం చేస్తావమ్మా?" అంది అనిక. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

ఆ ప్రశ్న విద్యను నిలవనివ్వలేదు. రెండు రోజులు ముద్ద దిగలేదు. శనివారం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకవైపు టికెట్లు చూస్తూ ఒకవైపు కూతురికి ఫోన్ చేసింది.

"నేనొచ్చేస్తున్నానే. అక్కడ చిన్న ఫ్లాట్ తీసుకుని ఇద్దరం ఉందాం. మీ నాన్నతో చెప్పేశాను."

"నాన్న ఏమన్నారు?"

"ఏమంటారు, పొమ్మన్నారు."

పదిహేను నెలల్లో ఆ పిల్ల తెలుగు బాగా సాఫీ అయింది.

"వద్దమ్మా. నువ్వొస్తే మళ్ళీ వెళ్ళలేవు. నాన్న ఒక్కరే అయిపోతారు."

"మరి నువ్వొక్కదానివే కదే అక్కడ!"

"నాకు అలవాటైపోయింది. నాన్నకి అవ్వదు. మన ముగ్గురిలో ఒక్కళ్ళు ఒంటరిగా ఉంటే చాలమ్మా."

ఎటు తిప్పి చూసినా విద్యకు పిల్ల చెప్పిందే సరైన లెక్కగా కనిపించింది. "సరేనమ్మా, తిన్నావా?" అని మాత్రం అడిగి, తెరిచిన టికెట్ల పేజీ మూసేసింది.