ఓబుళమ్మ చూసిన సినిమా

మనవడు టీవీలో ఎగిరే గుర్రాన్ని చూస్తుంటే నాకు ఓబుళమ్మ గుర్తొచ్చింది. కుందుర్పి బడిలో నా పక్కనే కూర్చునేది. వాళ్ల మామతో అనంతపురం పోయి ఎగిరే గుర్రమున్న మాంత్రికుడి సినిమా చూసొచ్చింది. ఇక పిల్లలంతా దాని చుట్టూనే.

"మాంత్రికుడు ఉఫ్ అని ఊదినాడు. ఎండిపోయిన చెరువు నిండిపాయ, చేపలు ఎగిరినాయి!" అని చెప్పేది.

నాకు కన్ను కుట్టేది. ఏడ్చి, మొండికేసి, నాయనతో పోయి అదే సినిమా చూశాను. గుర్రం ఎగిరింది గానీ, సినిమా మొత్తంలో చెరువే లేదు.

"ఎట్లుండాది పాపా?" అన్నాడు నాయన, బయటికి వస్తూ.

"ఓబుళమ్మ చెప్పిందే బాగుండాది" అన్నాను ఏడుపు గొంతుతో.

అబద్ధం చెప్పిందని దానిమీద కోపం రాలేదు. వానల్లేని మా ఊళ్లో అలాంటి చెరువు దానికి తోచింది, నాకు తోచలేదు. సినిమా చూశాక నా అసూయ రెట్టింపయింది.