దించని బోర్డు

పోయిన మంగళవారం పొద్దున పాల్మాకుల నుంచి వదిన ఫోన్ చేసింది. "చెల్లె, మీ అన్న పోయిండు" అని ఏడుస్తూనే జరిగింది చెప్పింది. రోజూలాగే కారు కడిగి, మెట్టు మీద కూర్చుని చాయ్ అడిగాడట. ఆమె చాయ్ తెచ్చేసరికి మనిషి లేడు.

ఆయన నాకు సొంత అన్న కాదు. మాది గుంటూరు వైపు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగే పర్యాటకులకు ఊరు చూపించే గైడ్‌ని నేను, వాళ్లను తిప్పే టాక్సీ డ్రైవర్ ఆయన. ఏళ్ల తరబడి ఒకే కారులో పనిచేశాం. గోల్కొండలో నేను రాజుల పేర్లు వల్లిస్తుంటే, ఆయన కింది దర్వాజా దగ్గర అందరిచేత కొండ పైదాకా వినిపించే చప్పట్లు కొట్టించి, "ఇగ చూడుండ్రి, పైన కోటల ఉన్నోళ్లు లేచి కూసున్నరు" అని నవ్వించేవాడు. వెళ్లేటప్పుడు గెస్టులు ఫొటో దిగేది ఆయనతోనే. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది, దాచడమెందుకు.

ఎయిర్‌పోర్టులో ప్రయాణికులు బయటికొచ్చే అరైవల్స్ దగ్గర ఆయనకో పట్టింపు ఉండేది. గెస్టు పేరు రాసిన బోర్డు ఒకసారి ఎత్తితే, ఆ మనిషి వచ్చేదాకా దించేవాడు కాదు. ఫ్లైట్ ఎంత ఆలస్యమైనా అంతే. చేయి నొప్పి పుడితే చేయి మార్చుకునేవాడు. "రానీకి లేటయితది చెల్లె. రాడని మనమెట్ల అనుకుంటం?" అనేవాడు.

కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. అన్న కారు డిక్కీలో పక్కనున్న మంఖాల్ ఊరి టమాటాలు వేసుకుని ఆరాంఘర్ చౌరస్తాలో అమ్మాడు. ఆ రోజుల్లోనే పర్యాటక రంగాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం సాయం ప్రకటించింది. గుర్తింపు ఉన్న గైడ్‌లకు, ట్రావెల్ సంస్థలకు పూచీకత్తు లేకుండా అప్పు. నాకు గైడ్ గుర్తింపు కార్డు ఉంది కాబట్టి నేను పర్యాటకం. నన్ను, నా గెస్టులను తిప్పిన మనిషి మాత్రం కాదట. ఒక ఆఫీసుకు వెళితే "డ్రైవర్లు రవాణా కిందికి వస్తారు" అన్నారు. రెండో ఆఫీసుకు వెళితే "టూరిస్టులను తిప్పేవాళ్లు పర్యాటకం కదా" అని వెనక్కి పంపారు.

అప్పుడు నేనో తప్పు చేశాను. ఆయనకు చెప్పకుండా నా దరఖాస్తులో ఆయన్ని నా సహాయకుడిగా రాశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన చూసి, పెన్ను అడిగి తీసుకుని, ఆ వరుస కొట్టేశాడు.

"నేను నీ అసిస్టెంట్‌నా చెల్లె? డ్రైవర్ని. డ్రైవర్ అని రాస్తే రాయి, లేకుంటే ఇడిచిపెట్టు. నా ఒక్కనికి దొడ్డిదారి దొరికితే టాక్సీ స్టాండుల ఉన్నోళ్లందరు ఏడికి పోవాలె?"

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు సోమవారం. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని ఆ మొదటి ఆఫీసు గేటు ముందు నిలబడ్డాడు. చేతిలో అరైవల్స్ బోర్డు. గెస్టు పేరు ఉండాల్సిన చోట పెద్ద అక్షరాలతో 'సర్కారు సాయం' అని ఉంది. ఎవరి కోసమని వాచ్‌మన్ అడిగాడు.

"గెస్టు కోసమన్నా. ఫ్లైట్ జర లేటున్నట్టుంది."

లోపలివాళ్లు కిటికీలోంచి చూసి నవ్వుకున్నారు. ఆయన మాత్రం ప్రతి సోమవారం వెళ్లాడు. విమానాలు మళ్లీ ఎగిరాయి. పర్యాటకం కోలుకుందని అందరూ చెప్పుకున్నారు. ఆయన సోమవారాలు మానలేదు. "గిరాకీ వస్తోందిగా, ఇంకా ఎందుకన్నా?" అని ఒకసారి అడిగాను.

"గిరాకీ వచ్చింది చెల్లె, మన పేరు రాలే. రేపు ఇంకో రోగమొస్తే మళ్ల గిదే గేటు, గిదే మాట. డ్రైవర్ గూడ పర్యాటకమే అని కాయితం మీద రాసేదాక బోర్డు దించ."

ఆ కాగితం రాకుండానే ఆయన పోయాడు. చూడటానికి వచ్చినవాళ్లలో ఒకాయన "పాపం మొండి మనిషి, ఏం సాధించాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఎవరినీ అడుక్కోలేదనీ, తమకు రావలసినదాని కోసం నిలబడ్డాడనీ శవం పక్కనే గట్టిగా చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ బాధ లేదు.

పాడె లేచేముందు వదిన డిక్కీలోంచి ఆ బోర్డు తెచ్చింది. మూలలు అరిగిపోయి, అక్షరాల మీద ఎన్నోసార్లు మళ్లీ దిద్దిన గుర్తులున్నాయి.

"గిది గూడ ఆయనతోనే పంపుదమా చెల్లె?"

"వద్దు వదినా. గెస్టు ఇంకా రాలేదు" అన్నాను.

నిన్న సోమవారం. అదే గేటు దగ్గర ఆ బోర్డు పట్టుకుని నిలబడ్డాను. నా వెనక స్టాండులోని డ్రైవర్లు, అందరూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాల్లో. వాచ్‌మన్ ఏదో అడగబోయి, బోర్డు గుర్తుపట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి నా కుడిచేయి లాగడం మొదలుపెట్టింది.

చేయి మార్చుకున్నాను.