గునుగుపూల ఫొటో

హైటెక్ సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో, బతుకమ్మ కోసం కోసుకొచ్చిన గునుగుపూల మోపు ఉంది. మా భజన మండలి గ్రూపులో శరదృతువు ఫొటోలు పెట్టడం నా అలవాటు. తెల్లటి పూలు, కిటికీ అవతలి అద్దాల మేడలు ఒకే ఫొటోలో రావాలని ఫోను పట్టుకుని పూల మీదికి వంగాను.

ఆవిడ మోపును వెనక్కి లాక్కుంది. "ఏందమ్మా, దేవుని పూలు వాసన చూస్తున్నవ్?"

"లేదండి, ఫొటో తీస్తున్నాను. అయినా గునుగుకి వాసనే ఉండదు కదండి."

"పువ్వుకు వాసన లేకుంటే నీకు ముక్కు లేదా? పొద్దుగాల నుంచి ఎండల తిరిగి కోసిన. ఇగ బతుకమ్మ దేనితోని పేర్చాలె?"

వాసన చూసిన పూలు పూజకు పనికిరావని మండలిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. చూడలేదని అమ్మవారి మీద ఒట్టేశాను.

"ఒట్టు గూడ అమ్మ మీదనేనా!"

మోపు నా ఒళ్లో పడేసి, గునుగు మొలిచిన ఖాళీ ప్లాట్లు కనబడిన స్టాపులో కొంగు దోపుకుని దిగిపోయింది.

ఆవిడ మీద నా కోపం ఇంకా పోలేదు. ఆ పూలను మాత్రం నేనూ పూజలో పెట్టలేకపోయాను. ఇప్పటికీ పూల ఫొటో తీసేటప్పుడల్లా ఊపిరి బిగబట్టుకుంటాను.