ముందు నడిచినవాడి బరువు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక గుర్రానికి భయం మాన్పించాడు. ఆ పని ఎంత ఓపికగా, ఎంత ప్రేమగా చేశాడో నేను కళ్లారా చూశాను. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా, జరిగినదాంట్లో పొరపాటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం నాకు కష్టంగానే ఉంటుంది.

మాది బస్తర్‌లో, బీజాపూర్‌కు ఇవతల, అడవి అంచున ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో హిందీ, హల్బీ, అడవి ఊళ్లలో దొర్లీ, గోండీ మాట్లాడుకునేవాళ్లం. మా అమ్మానాన్న ఏటా మిరప కోతలకు గోదావరి అవతలికి పోయి నెలల తరబడి అక్కడే ఉండేవారు. నేను తాతయ్య, నానమ్మ, చిన్నాయన దగ్గర పెరిగాను. తాతయ్యకు బూడిద రంగు పొట్టి ఆడ గుర్రం ఒకటి ఉండేది. దాని మీద ఉప్పు, ఎండుచేపలు వేసుకుని కొండ కింద జరిగే వారపు సంతకు పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు చింతపండు, ఇప్పపువ్వు, తేనె తెచ్చేవాడు. జీపులు పోలేని కాలిబాట అది. ఆ గుర్రం నడిస్తేనే మా పొయ్యి వెలిగేది.

నేను బడిలో కూర్చున్నది తక్కువ. నాకు వచ్చిన మొదటి లెక్క ఆ గుర్రం వీపు మీదే వచ్చింది. రెండు పక్కలా వేలాడే మూటల్లో ఒకటి బరువెక్కితే జీను అటు జారి, సంతకు చేరేసరికి గుర్రం వీపు పుండవుతుంది. తాతయ్య రెండు మూటలనూ రెండు చేతులతో లేపి, ఏది ఎక్కువో చెప్పమని నన్ను అడిగేవాడు. నేను నా పిడికిలితో ఉప్పు అటునుంచి ఇటు వేసేదాన్ని. మూటలు సమానమైనప్పుడు గుర్రం ఒక పెద్ద నిట్టూర్పు విడిచేది. అదే నాకు సరైన జవాబు వచ్చినట్టు.

ఇనప రాయి కోసం కొండను తవ్వడం మొదలుపెట్టాక మా బాట మీద ఒక్కొక్కటీ అడ్డం పడసాగాయి. ముందు లావుపాటి ఇనప గొట్టం ఒకటి వచ్చి పడింది. లోపల నీళ్లు పోతుంటే అది బుసకొట్టినట్టు చప్పుడు చేసేది. తర్వాత కందకం తవ్వి, దాని మీద పలకలు పరిచారు. ఆ తర్వాత కంకర గుట్ట, దాని మీద రైలు పట్టాలు. మా గుర్రం వాగులకు, ముళ్లకు, అడవి పందులకు అలవాటు పడ్డదే గాని గొట్టాన్ని చూసిన రోజు వెనక కాళ్ల మీద లేచి, మూటలు విసిరేసి, ఇంటిదాకా ఒకటే పరుగు. మరుసటి వారం గొట్టం దగ్గరికి రాకుండానే ఆగిపోయింది. ఆ రెండు వారాలూ మా చింతపండు లేదు, ఇప్పపువ్వు లేదు. నానమ్మ గంజి పలుచన చేసింది.

మా చిన్నాయన అప్పటికే కొండ మీద పనులు గుత్తకు తీసుకున్న ఠేకేదార్ దగ్గర పనికి పోతున్నాడు. ఆయన మాట సూటిగా ఉండేది.

"నాయినా, దాన్ని బీజాపూర్ తోలుకపోయి అమ్మెయ్యి. ఠేకేదార్ తోని మాట్లాడిన. నీకు గూడ రాళ్లు కొట్టే పని ఇస్తనన్నడు."

తాతయ్య జీవితంలో ఒకరి కింద కూలి చేసినవాడు కాదు. ఆ గుర్రం పోతే తాను ఏమవుతాడో ఆయనకు తెలుసు. ఆ వయసులో నాకు కూడా తెలుసు. చివరికి, ఎండలు ముదిరేలోపు దానికి నేర్పిస్తానని, నేర్వకపోతే తానే తోలుకుపోయి అమ్మేస్తానని మాటిచ్చాడు.

మా వాకిలి మారిపోయింది. తాతయ్య వెదురు బొంగులు నేల మీద పరిచాడు. పాత రేకు ఒకటి, చిన్నాయన తెచ్చిన చిరుగు తార్పాలిన్ ఒకటి, గుంట మీద రెండు పలకలు. ఆయన గుర్రాన్ని ఎప్పుడూ లాగలేదు, కొట్టలేదు. ముందు తాను ఆ రేకు మీద నడిచి అవతల నిలబడేవాడు. గుర్రం వైపు వీపు పెట్టి, ఏమీ పట్టనట్టు ఆకాశం చూసేవాడు. తర్వాత మెల్లగా తిరిగి అరచేతిలో ఉప్పుగడ్డ చాపేవాడు. ఉప్పు మోసే గుర్రానికి ఉప్పంటే ప్రాణం. అది మెడ సాచేది, ఒక గిట్ట పెట్టేది, రేకు చప్పుడైతే తీసేసేది. అప్పుడు తాతయ్య మళ్లీ ఇవతలికి వచ్చి, మళ్లీ నడిచి అవతలికి పోయేవాడు. తాను పాదం మోపని చోట దాన్ని ఎన్నడూ మోపమనలేదు. అది ఆయన పెట్టుకున్న నియమం. నేను వెనక నిలబడి, అది తిరిగి పారిపోకుండా మెల్లగా మాట్లాడుతూ ఉండాలి. ఆయన ముందు, గుర్రం నడుమ, వెనక నేను.

"ఏంది నాయినా, గుర్రానికి బడి పెట్టినవా? ఒక పలక గూడ కొనియ్యి," అనేవాడు చిన్నాయన, పని నుంచి వస్తూ.

"నీకంటె బుద్ధిగ వస్తది బడికి," అనేవాడు తాతయ్య, వెనక్కి తిరగకుండానే.

నానమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేది. మా ఇంట్లో ఆ నవ్వులే ఆఖరివని అప్పుడు మాకు తెలియదు.

చలికాలం గడిచేసరికి గుర్రం నేర్చుకుంది. రేకు మీద టకటకా నడిచేది. పలకలు ఊగితే ఆగి, చెవులు ముందుకు పెట్టి, ఊగడం ఆగాక నడిచేది. బాట మీదికి తీసుకుపోతే బుసకొట్టే గొట్టాన్ని వాసన చూసి దాటింది. పట్టాల మీద కంకరలో గిట్టలు జారినా బెదరలేదు. గూడ్సు బండి కూత పెట్టినా కదలకుండా తాతయ్య చెయ్యి వైపే చూసింది. అడుగు కింద ఏదైనా అదిరితే పారిపోవడం మాని, నిలబడి ఆయన కోసం చూడడం, అదీ అది నేర్చుకున్న చదువు. మళ్లీ చింతపండు వచ్చింది. గంజి చిక్కబడింది. చిన్నాయన కూడా ఒప్పుకుని, దాని మెడలో గంట కొని కట్టాడు.

ఎండలు ముదిరాక కొండ మీద రాయి కడిగిన ఎర్రనీళ్లు మేము దాటే పల్లంలోకి వదిలారు. కొన్నాళ్లకు నీరు ఇంకి, పైన ఎర్రటి పెచ్చు కట్టింది. ఆ పెచ్చు నెర్రెలు విచ్చి, ఎండిన చెరువులా గట్టిగా కనపడేది. చుట్టు తిరిగి పోతే సంత ముగిసే వేళకు గాని చేరలేం. మేము అక్కడికి చేరిన రోజు కూలీలు వరుసగా దాని మీదుగా నడిచి పోతున్నారు. వాళ్ల పాదాల గుర్తులు పెచ్చు మీద తేలిగ్గా ఉన్నాయి. అక్కడి చౌకీదారు చెట్టు నీడలో కూర్చుని, "సూఖ్ గయా బాబా, పక్కా హై," అన్నాడు. ఎండి గట్టిపడిందని ఆయన అన్నది అబద్ధం కాదు. ఆయన కూడా రోజూ దాని మీదే నడిచేవాడు.

తాతయ్య ఎవరి మాటా నమ్మలేదు. కర్రతో కొట్టి చూశాడు. రాయి విసిరాడు, నిలిచింది. ఆ తర్వాత తన నియమం ప్రకారం తానే నడిచాడు. అవతలికి పోయాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ పోయాడు. పాదం ఎక్కడా దిగలేదు. అప్పుడు అవతల గట్టు మీద నిలబడి వీపు తిప్పి ఆకాశం చూశాడు. ఇటు తిరిగి ఉప్పు చాపాడు.

గుర్రం అంచున ఆగింది. తల వంచి చాలాసేపు ఆ పెచ్చును వాసన చూసింది. ఒకసారి వెనక్కి జరిగింది. తాతయ్య చెయ్యి దించలేదు. అది ఆయన చేతిని చూసి నడిచింది.

నడుమకు చేరాక పెచ్చు విరిగింది. ముందు ఒక కాలు మోకాలి దాకా దిగింది. ఈ చదువు రాకముందైతే అది ఆ క్షణంలోనే ఎగిరి వెనక్కి దూకేది. దాని వెనక నేల ఇంకా గట్టిగానే ఉంది. కాని అది ఎగరలేదు. నేర్చుకున్నట్టే నిలబడింది. చెవులు ముందుకు పెట్టి, ఊగడం ఆగుతుందేమోనని ఆయన కోసం చూసింది. అలా నిలబడ్డ కొద్దిసేపట్లోనే మిగిలిన మూడు కాళ్లూ దిగిపోయాయి.

తాతయ్య బోర్లా పడుకుని పాకుతూ పోయి మూటల తాళ్లు కోశాడు. ఉప్పు ఎర్రబురదలో కరిగిపోయింది. కూలీలు పరుగెత్తుకొచ్చారు, పలకలు తెచ్చారు, తాడు వేశారు. కబురందుకుని చిన్నాయన వచ్చాడు. తండ్రి పక్కనే బురదలో పడుకుని తాడు లాగుతూ, "లే బిడ్డా, లే," అని ఆ గుర్రాన్ని బతిమాలాడు. అంతకుముందు ఆయన దాన్ని బిడ్డా అనడం నేను వినలేదు. పొద్దు వాలేవేళకు అది బయటికి వచ్చింది, కాని ఊపిరితో రాలేదు. కడదాకా అది పెనుగులాడలేదు. మెడలో గంట ఒక్కసారి కూడా గట్టిగా మోగలేదు.

తాతయ్య ఆ నెలలోనే రాళ్లు కొట్టడానికి పోయాడు. వాకిట్లో రేకు, పలకలు అలాగే ఉండిపోయాయి. ఆయన ఎవరినీ తిట్టలేదు, చౌకీదారునైనా, కొండనైనా. చాలా రోజుల తర్వాత, అన్నం ముందు కూర్చుని, నేను ఏమీ అడగకుండానే ఒక మాట అన్నాడు.

"నేను ఉత్త చేతులతోని దాటిన బిడ్డా. అది మూటలు మోసుకుంట దాటింది. నేను దాటిన గద అనుకున్న."

అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. చేయి కడుక్కుని లేచాడు. ఆ తర్వాత మూడు వానాకాలాలే బతికాడు.

గుర్రం పోయిన ఏడాది మొదటి వాన వెలిసాక నేను వాకిట్లో ఒక ఇటుకను బురద మీద పడుకోబెట్టాను. అది నిలిచింది. అదే ఇటుకను అంచు మీద నిలబెట్టాను. దిగిపోయింది. మనిషి అరికాలు వెడల్పు. గుర్రం గిట్ట మా నానమ్మ అరచేతికంటే చిన్నది. దాని మీద దాని ఒళ్లు, ఒంటి మీద మా ఇంటి తిండి. ఎవరూ నేర్పకుండా నాకు ఆ లెక్క తెలిసింది. తెలిసి ఏం లాభం? లెక్క వచ్చేసరికి గుర్రం లేదు.

ఇప్పుడు ఊళ్లో ధాన్యం రాశి ఎన్ని బస్తాలవుతుందో, తూము మీద ట్రాక్టరు ఎంత బరువుతో పోవచ్చో నన్ను అడుగుతారు. చెప్తాను. కాని ఎవరైనా కొత్త దారి ముందు నిలబడి భయపడుతుంటే, నేను దాటాను నువ్వూ రా అనే మాట నా నోటికి రాదు. కొండ పని దగ్గరికి, పట్నానికి, చదువుకు పోయే పిల్లలు ధైర్యం చెప్పమని నా ముందు నిలబడతారు. ముందు వాళ్ల వీపు వైపు చూస్తాను, ఎంత మోస్తున్నారో అని. నేను మోసినదానికంటే ఎక్కువేనని చాలాసార్లు చూడగానే తెలిసిపోతుంది. అప్పుడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటాను. మా తాతయ్య దించలేకపోయిన చెయ్యి అది.