ఐర్లాండ్ మామ్మగారి ఖాళీ కుర్చీ

కెనడాలోని ఎడ్మంటన్‌లో మా పక్కింటావిడ ఒకప్పుడు ఐర్లాండులో నాటకాలు రాసిన మనిషని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. అప్పటిదాకా మాకు తెలిసిందల్లా ఒక్కటే. ఎనభై దాటిన ఒంటరి మనిషి, చూపు బాగా తగ్గింది, అయినా వాకిట్లో మంచు ఎత్తడానికి బయల్దేరతారు, పార చేతిలోంచి లాక్కోవాలి. మా తెలుగువాళ్ళంతా ఐర్లాండ్ మామ్మగారు అనేవాళ్ళం. ఆ పిలుపుకి అర్థం చెప్పాక ఆవిడ మాలో ఎవరు పేరుపెట్టి పిలిచినా పలకడం మానేశారు.

నేను ఇంజనీరుగా రిటైరై, ఇంట్లో కూర్చుని మా ఆయన ప్రాణం తోడేస్తున్న రోజులవి. "నీ నోటికేదో పని కల్పించాలి," అని మామ్మగారే తన ఆఖరి నాటకాన్ని తెలుగులో చెయ్యమన్నారు. దాన్ని ఎవరూ, ఎక్కడా ఆడలేదు. చివరి రంగంలో ఒక ముసలావిడ ఇద్దరికి వడ్డించి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ తను తినడం మొదలుపెడుతుంది. అంతే. ఎవరూ రారు. ఆ కుర్చీలోకి ఎవరినైనా రప్పించమని నాటకాల వాళ్ళందరూ అడిగారట. ఈవిడ ససేమిరా అన్నారు. నాటకం మూలనపడింది.

"ఆ రంగం జనం ముందు జరుగుతుంటే ఒక్కసారి వినాలే. ఇంకేం వద్దు," అనేవారు.

ఆవిడకి తెలుగు ముక్క రాదు. అయినా నేను రాసింది పైకి చదవమనేవారు, అదీ గిన్నెలు తోముతూ. ఎక్కడ తడబడితే అక్కడ "కొట్టెయ్" అనేవారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "తెలుగు గురించి మీకేం తెలుసండీ?" అన్నాను ఓసారి. "నీకు ఊపిరి అందట్లేదని తెలుస్తోందిగా," అన్నారు. చచ్చినట్టు కొట్టేశాను. ఈ రోజు నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే అదంతా ఆవిడ పుణ్యమే.

ఆ చలికాలంలో ఆవిడ గుండె బాగా బలహీనపడింది. ఇంకో ఉగాదికి ఉంటారన్న నమ్మకం డాక్టరుకే లేదు. అందుకని ఆ ఉగాదికే, ఒక స్కూల్ ఆడిటోరియంలో, మా అసోసియేషన్ తరఫున నాటకం వేయించాను. మా ఆయనే ప్రెసిడెంటు. రిటైరైన డాక్టర్ ఆంటీ ఒకావిడ ముసలావిడ పాత్ర వేశారు. అంతా చక్కగా నడిచింది. చివరి రంగానికి ముందు తెర పడింది, అంతే, మా ఆయన మైకు పట్టుకున్నారు.

"చిన్న సన్మానం అండీ, ఫైవ్ మినిట్సే!"

మనవాళ్ళ ఫైవ్ మినిట్స్ ఎలాంటివో తెలియనిదెవరికి? మామ్మగారికి శాలువా, ఆ తర్వాత స్పాన్సర్లకి శాలువాలు, వాళ్ళ భార్యలకి పూలగుత్తులు, ఒక్కోదానికి ఒక్కో గ్రూప్ ఫోటో. ఈలోగా స్కూలు మనిషి వచ్చి హాలు టైమ్ అయిపోయిందని లైట్లు తీసేశాడు. జనమంతా కెఫెటేరియాలోకి, భోజనాలకి వెళ్ళిపోయారు.

"సన్మానం తర్వాత పెట్టుకుంటే కొంప మునిగేదా?" అని విరుచుకుపడ్డాను.

"ప్రోగ్రామ్ అన్నాక సన్మానం లేకపోతే ఎలా? టైమ్ చూసుకోలేదోయ్," అని నసిగారు.

చక్రాల కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న మామ్మగారు, "చివరి రంగం ఎప్పుడు?" అని అడిగారు. ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"జనం ఎక్కడున్నారు?"

"భోజనాల దగ్గర."

"మరి మనకి ఇక్కడేం పని?"

కెఫెటేరియా మధ్యలో ఒక బల్ల ఖాళీ చేయించాం. మైకు లేదు, చివరి రంగం ఇక్కడే అని నేను అరిచింది సగం మందికే వినిపించింది. ఆంటీ రెండు పేపర్ ప్లేట్లలో పులిహోర వడ్డించి, ఎదుటి కుర్చీ వైపు చూస్తూ ముద్ద తీసుకున్నారు. చుట్టుపక్కల మాటలు ఆగిపోయాయి. మామ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వింటున్నారు.

సరిగ్గా అప్పుడే, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన ఒక పెద్దాయన తిరిగొచ్చారు. నాటకం సంగతి ఆయనకేం తెలుసు?

"అయ్యో, ఒక్కరే తింటున్నారేంటమ్మా?" అంటూ ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆవకాయ వేసుకున్నారా?"

ఆంటీ ఒక్క క్షణం బిత్తరపోయి, "లేదండీ, వెయ్యండి," అన్నారు.

ఆయన్ని లేపడానికి నేను దూకబోయాను. మామ్మగారు చెయ్యి వదల్లేదు. "ఏమైంది? కుర్చీ చప్పుడైంది."

చెప్పాను. "తప్పయిపోయింది మామ్మగారూ, ఇప్పుడే లేపేస్తా."

"లేపావంటే ఊరుకోను!" అన్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వుతున్నారు. "ఆ నాటకాల వాళ్ళంతా కుర్చీలోకి ఒక మనిషిని రాయమన్నారు. ఇతన్ని నేను రాయలేదు. తనే వచ్చాడు."

ఆ ఎండాకాలంలో ఆవిడ వెళ్ళిపోయారు. ఏ జన్మ రుణమో, నాకు రాత అబ్బింది, ఆ నాటకం దక్కింది. తర్వాత టొరంటో వైపు ఒషావాలో, ఎటోబికోలో మనవాళ్ళు వేశారు. చివరి రంగం మాత్రం భోజనాల మధ్యే, ముందుగా ఎవరికీ చెప్పకుండా. ఆ కుర్చీలోకి మనిషిని ఏర్పాటు చెయ్యొద్దని మామ్మగారి మాట. నేను వెళ్ళిన ప్రతిచోటా ఇవాళ ఎవరూ రాకపోతేనో అని ఆ కుర్చీ వైపే చూస్తుంటాను. రాకపోతే మాత్రమేం, అది ఆవిడ రాసిన ముగింపేగా అని సర్దిచెప్పుకుంటాను.

ఇప్పటిదాకా ఆ కుర్చీ ఒక్కసారి కూడా ఖాళీగా మిగల్లేదు.