కుక్క నిద్ర చూసి రంగులేసిన మావయ్య

గత మంగళవారం పొద్దున్న మా వీధి పెయింటరు మావయ్య పోయారు. నిద్రలోనే పోయారట. ఈ కబురు నాకు తెచ్చింది మా పెద్దది. స్కూలు ఆటో కోసం గుమ్మంలో నిలబడి, మూడిళ్ళ అవతల జనం పోగవుతుంటే వెళ్ళి చూసొచ్చి, "అమ్మా, తాత ఎంత పిలిసినా లేవట్లేదంట" అంది. దాని తమ్ముడికి ఆరేళ్ళు. వాడు కాసేపు ఆలోచించి, "బెల్లాన్ని పంపమ్మా, అది లేపేత్తాది" అన్నాడు.

బెల్లం మా కుక్క. ఒంటి రంగు చూసి పెట్టిన పేరు. అనకాపల్లిలో ఆ రంగుకి ఇంకో పేరు ఎవరికీ తోచదు.

మావయ్య నాకు చుట్టం కారు. గవరపాలెంలో మా వీధి వీధంతా ఆయన్ని మావయ్యా అనే పిలిచేది. పెయింటర్లంటే ఒంటి నిండా చుక్కలతో తిరుగుతారు కదా, ఈయన తెల్లచొక్కా వేసుకుని పనికొచ్చి, సాయంత్రం అదే తెల్లచొక్కాతో ఇంటికెళ్ళేవారు. ఒక్క చుక్క కనబడితే ఒట్టు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు గోడ మీద అరచెయ్యి ఆన్చి, జ్వరం చూసినట్టు ఓ నిమిషం ఉండేవారు. చెమ్మ ఉందో లేదో ఆ చెయ్యే చెప్పేదట. డెబ్భై దాటాక మోకాళ్ళు మొరాయిస్తే పని మానేశారు. మానేశాక ఆయన చేసిన ఒకే ఒక్క పని మా ఇల్లు. అందుకే ఆయన గురించి రాయడానికి నాకు హక్కుందని అనుకుంటున్నాను.

రెండేళ్ళ కిందట ఈ పాత ఇల్లు కొనుక్కున్నాం. ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యకి మా ఊరి నూకాలమ్మ తల్లి పండగ. ఆ రోజుకి రంగులు పూర్తిచేసి, చుట్టాలందరికీ భోజనాలు పెడతానని నేను తొందరపడి చాటింపు వేసేశాను. మా ఆడపడుచు ఫోన్లోనే నవ్వింది. "పిల్లలూ కుక్కా ఉన్న ఇంటికి రంగులెందుకొదినా?" అంది. ఆ మాటతో నాకు పంతం పట్టింది. మా ఆయన తెల్లారేసరికి పరవాడ కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోతారు. ఇల్లూ, పిల్లలూ, కుక్కా, పంతమూ అన్నీ నా నెత్తినే.

ముగ్గురు పనివాళ్ళని పెట్టాం. వాళ్ళు మూడు రోజులే ఓర్చుకున్నారు. బెల్లం ప్రైమరు పళ్ళెంలో నాలుగు కాళ్ళూ పెట్టి, అలాగే వెళ్ళి మా మంచమెక్కింది. చిన్నోడు తడి గోడ మీద రెండు చేతులూ అద్దాడు. అచ్చు బాగా పడలేదని మళ్ళీ అద్దాడు. మూడో రోజు మేస్త్రీ బ్రష్షులు సంచీలో సర్దుకుంటూ, "అమ్మా, పిల్లలూ కుక్కా కావాలో, రంగులు కావాలో మీరే తేల్సుకోండి" అని దండం పెట్టి పోయాడు.

నేను తేల్చేసుకున్నాను. పిల్లల్ని పంపలేను కాబట్టి కుక్కని పంపేద్దామనుకున్నాను. రోలుగుంటలో మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఆదివారం పండక్కి వత్తావు కదా, తాడొకటి తెచ్చుకో. ఎల్లేటప్పుడు బెల్లాన్ని తీసుకుపో, మీ సెరుకుతోట కాడ ఉంటాది" అన్నాను. పక్కనే నిలబడి వింటున్న పిల్లలిద్దరూ ఒక్కసారిగా గొంతెత్తారు. పెద్దది అన్నం తిననని పళ్ళెం తోసేసింది. చిన్నోడు కుక్క మెడ పట్టుకుని మంచం కింద దూరాడు. నాకూ లోపల గుబులుగానే ఉంది. కానీ నోరు జారాక వెనక్కి తగ్గడం నా వల్ల కాని పని.

ఆ ఏడుపులు విని వచ్చారు మావయ్య.

"ఏటి కోడలా, పండగింట్లో ఈ రాగాలేటి?"

నేను మొదటినుంచీ అంతా ఏకరువు పెట్టాను. ఆయన సగం విన్నారో లేదో, వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆన్చారు. తర్వాత వంగి మంచం కిందకి చూసి, చిన్నోడితో మాట్లాడారు. నాతో కాదు.

"ఒరే, పండక్కి నాలుగు రోజులుంది. ఈలోపు రంగులైపోతే మీ కుక్క ఉంటాది. అవకపోతే మీ మావ తీసుకుపోతాడు. నాతో పని సేత్తావా మరి?"

"మావయ్యా, మీ మోకాళ్ళు..." అన్నాను.

"మోకాళ్ళతో ఎవుడేత్తాడమ్మా రంగు? సేత్తో ఏత్తాను."

మర్నాడు తెల్లచొక్కాతో వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గంటసేపు ఏ పనీ చెయ్యలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. చివరికి అడిగారు.

"ఇది ఎన్నింటికి పడుకుంటాది?"

"ఎవరు?"

"కుక్కమ్మా."

మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పడుకుంటారో నన్ను ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కుక్క సంగతి అడిగిన మొదటి మనిషి ఈయనే. మధ్యాహ్నం తిన్నాక పడుకుంటుందని చెప్పాను. దాన్నిబట్టే పని కుదిరింది. పొద్దున్నపూట గోడల పైసగం, అంటే బెల్లానికీ పిల్లలకీ అందనంత ఎత్తు వేసేవారు. మధ్యాహ్నం చేపలమ్మే ఆవిడ దగ్గర తలకాయలు అడిగి తెచ్చి, ఉడకబెట్టించి, అన్నంలో కలిపి బెల్లానికి పెట్టించేవారు. అది కడుపు నిండా తిని పెరట్లో పడి నిద్రపోయేది. ఇక రెండు గంటలు లేవదు. ఆ రెండు గంటల్లో, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు కిందిసగం. అది లేచేసరికి ఫ్యాన్ల గాలికి గోడ ఆరిపోయి ఉండేది.

మొదటి రోజు సాయంత్రం చూస్తే గోడల నడుమ అడ్డంగా గీత కనబడుతోంది. ఆ గీతనే వేలితో చూపించాను.

"రెండో కోటుకి పోతాది. మొదటి కోటు సూసి దడుసుకోకమ్మా" అన్నారు.

ఇప్పటికీ పెద్దది లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చినప్పుడు నేను తిట్టబోయి ఆగేది ఆ మాట గుర్తొచ్చే.

పిల్లలు స్కూలు నుంచి రాగానే వాళ్ళ డ్యూటీ మొదలయ్యేది. ఇద్దరికీ చెరో పెద్ద బ్రష్షూ, మధ్యలో ఒక బకెట్టు నీళ్ళూ ఇచ్చి ప్రహరీ గోడ దగ్గర నిలబెట్టేవారు. వాళ్ళు నీళ్ళతో "రంగు" వేస్తారు, గోడ నల్లబడుతుంది. ఇటు పూర్తయ్యేసరికి అటు ఆరిపోతుంది, మళ్ళీ అటు పరిగెడతారు. ఎంత తెలివైన మోసమో అని మురిసిపోయి ఆయన చెవిలో అదే మాట అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. ఆయన కోప్పడగా చూడటం అదే మొదలు.

"మోసమేటమ్మా? సిమెంటు రంగెయ్యాలంటే ముందు గోడ తడవాలి, ఏసేక కూడా తడపాలి. నేకపోతే పొడి రాలిపోతాది. ఆళ్ళు సేత్తున్నది పనే."

ఈ రోజుకీ మా ప్రహరీ మీద చెయ్యి రాస్తే పొడి అంటదు.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. శనివారం తలుపులకి ఆకుపచ్చ రంగు వేస్తుంటే, ఆయన మంచినీళ్ళు తాగి వచ్చేలోపు పిల్లలు బెల్లం తోకకి కూడా ఒక కోటు వేసేశారు. పండగ కదా, దానికీ కొత్త రంగుండాలి కదా అని పెద్దదాని వాదన. నేను థిన్నరు సీసా పట్టుకుని పరిగెత్తాను. "అది పెట్టకు, నాకుతాది" అని ఆయన నా చేతిలోంచి లాక్కుని, కొబ్బరినూనె తెమ్మన్నారు. ఆ మోకాళ్ళతో నేల మీద చతికిలబడి, ముప్పావుగంట తోక ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడిచారు. పని ఆగిపోతోందని నేను గొణిగాను. "ఎవులూ తగలని గోడలు గొడౌన్లో ఉంటాయి కోడలా" అన్నారు, తలెత్తకుండానే.

ఆదివారం పొద్దున్నకి హాల్లో వీధి తలుపు పక్క గోడ ఒక్కటే మిగిలింది. చుట్టాలు పదకొండుకి వస్తారు. తమ్ముడు ఎనిమిదికే బండి మీద దిగాడు, చేతిలో తాడుతో సహా. పిల్లలు వాడి మొహం చూడలేదు. బెల్లాన్ని పెరట్లో కట్టేసి, ఇద్దరూ దాని పక్కన కూర్చున్నారు. మావయ్య రోలరు లాగుతున్నారు, పైసగమూ కిందిసగమూ కలిపి. తొమ్మిదిన్నరకి రోలరు పళ్ళెంలో పెట్టి, "అయిపోయిందమ్మా" అన్నారు.

పిల్లలు కేకలేస్తూ వచ్చారు. నాకు ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. ముందు మా ఆడపడుచుకి ఫోటో పంపాలి! ఎదురు గోడా, దానికున్న వంటింటి ఆకుపచ్చ తలుపూ రెండూ పడాలని ఫోన్ ఎత్తి ఒక అడుగు వెనక్కి వేశాను. చాలలేదు. ఇంకో అడుగు. ఇంకో అడుగు. వీపుకి చల్లగా తగిలింది.

నేను ముందుకొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, అప్పుడే వేసిన గోడ మీద నా జడా, భుజాలూ, నడుమూ నిండుగా అచ్చు పడి ఉన్నాయి. చిన్నోడి చేతుల అచ్చు ఏ మూలకి సరిపోతుంది దానికి!

మావయ్య గోడని చూశారు, నన్ను చూశారు. నింపాదిగా మా తమ్ముడి వైపు తిరిగారు.

"తాడు తెచ్చేవు కదా బాబూ. మీ అక్కని తీసుకెళ్ళిపో."

మా పిల్లలు అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. పెద్దది నేల మీద దొర్లింది. తమ్ముడు తాడు గుమ్మం బయటకి విసిరేసి, గోడకి ఆనుకోబోయి తమాయించుకున్నాడు. చిన్నోడు పెరట్లోకి పరిగెత్తి బెల్లం కట్టు విప్పేశాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కుక్కని పంపకుండా, నా మాటా పోకుండా నన్ను ఎలా కాపాడాలో ఆ నాలుగు రోజులూ ఆయనే ఆలోచించారు. నేను అడగలేదు, ఆయన చెప్పనూలేదు.

ఆయన రోలరు నా చేతిలో పెట్టారు. "నువ్వే అద్దు" అన్నారు. పిల్లలిద్దరూ నా రెండు పక్కలా చేతులు కట్టుకుని మేస్త్రీల్లా నిలబడ్డారు. "అక్కడ వదిలేసేవమ్మా", "ఇటేపు సూడమ్మా" అంటూ నా అచ్చు మీద నా చేతే రంగు వేయించారు. ఆయన వెళ్ళి బకెట్టు మీద కూర్చున్నారు. ఇంకొకరు రంగు వేస్తుంటే ఆయన ఊరికే కూర్చుని ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. తమ్ముడు టీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. బెల్లం ఆయన పాదం మీద గడ్డం ఆన్చి పడుకుంది. గ్లాసు అందాలంటే కాలు కదపాలి. ఆయన టీ వైపు ఒకసారి చూసి, నేను గోడ పూర్తిచేసేదాకా కదలకుండా అలాగే కూర్చున్నారు.