ఎర్రమట్టి దారిలో ఎనిమిది సిలిండర్లు

పోయిన మంగళవారం పొద్దున ఇక్కడ మలేసియాలో పెదనాన్న వాళ్లుండే బంటింగ్ ఊరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న లేవలేదమ్మా" అంది, అంతే. క్లాంగ్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు పక్కన ఆపిన కారును మళ్లీ తీసి, స్టీరింగ్ బంటింగ్ వైపు తిప్పాను. ఒకప్పుడు నేను వదిలేసిన స్టీరింగ్‌ని మళ్లీ నా చేతికిచ్చింది ఆయనే.

పెదనాన్న పామాయిల్ మిల్లులో మెకానిక్. రిటైరయ్యాక, ఎవరో ఎస్టేటు దొర వదిలేసి పోయిన పాత అమెరికా కారును ఇంటి వెనక రేకుల షెడ్డులోకి తెచ్చుకున్నారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజిను. అది నడిస్తే చాలనుకున్నాం మేము. ఆయనకు చాలలేదు. పాత లారీ నుంచి విప్పిన సూపర్‌చార్జర్ తెచ్చి, బానెట్ కోసి, ఇంజిను నెత్తిన కూర్చోబెట్టారు. బెల్టుతో తిరుగుతూ గాలిని బలవంతంగా ఇంజిన్లోకి తోస్తుందది. అంతా కుదరడానికి మూడేళ్లు పట్టింది.

"కొత్త కారు కొనుక్కోవచ్చు కదా పెదనాన్నా?" అన్నాను.

"కొత్తది ఎవులైనా తోల్తారు లా," అన్నారు, మాట చివర "లా" తగిలించే ఇక్కడి అలవాటుతో. "ఈ ముసిల్దానికి బలం లేక కాదమ్మా, ఊపిరి సాలట్లేదు. ఊపిరి ఇచ్చి సూడు, ఏటి సేస్తాదో!"

రోడ్డెక్కడానికి దానికి అనుమతి రాలేదు. షెడ్డు వెనకే మొదలయ్యే పామాయిల్ తోటలో, యజమాని సరేనన్న ఎర్రమట్టి దారే దాని లోకం.

అది సిద్ధమైన ఏడాదే వానలో నా కారు జారి లారీకి గుద్దుకుంది. విరిగిన కాలు అతుక్కుంది గానీ, భయంతో మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. బస్సులకు అలవాటు పడిపోయాను. అందరూ ధైర్యం చెప్పారు. పెదనాన్న మాత్రం ఒక ఆదివారం షెడ్డులోకి పిలిచి తాళంచెవి చేతిలో పెట్టారు.

"దీన్నా? నా వల్ల కాదు!"

"నాను పక్కనే కూకుంటాను. సాలనిపిస్తే ఆపీ."

మొదట నడకలా పోయాం. పైన మట్టలు కలుసుకుని, దారంతా నీళ్ల అడుగున ఉన్నట్టు పచ్చటి వెలుగు. సగం దూరం పోయాక, "ఇప్పుడు తొక్కు" అన్నారు.

తొక్కాను. ఇంజిను నెత్తిమీంచి సన్నటి ఈల ఒకటి లేచింది. లేచి, పెరిగి, నా ఒంట్లోంచే వస్తున్నట్టయింది. వీపు సీటుకు అతుక్కుంది. చెట్లు విడివిడిగా లేవు. నేను అరిచాను; ఏడుపో నవ్వో ఇప్పటికీ తెలీదు.

"ఇనబడినాదా?" అని మాత్రం అడిగారు.

"వినబడింది పెదనాన్నా."

"అద్ది."

తర్వాతి నెల పనికి నా కారు నేనే నడుపుకుంటూ వెళ్లాను. ఆదివారాలు పాత కారు ఇంజిను ఆపాక, అది చల్లబడేదాకా పెదనాన్న పక్కనే స్టూలేసుకుని, పాలు లేని కాఫీ తాగుతూ కూర్చునేవారు. పెద్దమ్మ భోజనానికి పిలిస్తే, "పని సేసినోల్ని ఒగ్గేసి ఎలాగొస్తాను?" అనేవారు.

ఈ మధ్య ఆయనకు ఓపిక తగ్గింది. ఆదివారాలు నేనే నడిపేదాన్ని, ఆయన పక్కన కళ్లు మూసుకుని వినేవారు. ఆఖరిసారి తోట చివర కాలువ దాకా వెళ్లాం. మా చప్పుడుకు కాలువలోని కొంగలన్నీ ఒక్కసారే లేచాయి. వెనక ఎర్రటి దుమ్ము ఎండలో అలాగే నిలబడింది. పెదనాన్న చెయ్యి కిటికీ బయట ఉంది, వేళ్లు విప్పి, గాలి మీద మెల్లగా పైకీ కిందికీ తేలుతూ.